ఖాళీగా వచ్చిన ట్రే

ఎల్డన్,
అక్టోబరు 3, 2011

ప్రియమైన పెదనాన్నా,

ఫోను చేస్తే "ఎవరూ? గట్టిగా మాట్లాడు" అని మూడుసార్లు అరిచి పెట్టేస్తున్నారు. అందుకని ఉత్తరంలోకి దిగాను. ఇరవై తొమ్మిదేళ్ళు ఇనుప తలుపుల మోత విన్న చెవులు, వాటి తప్పేం లేదు.

ఉద్యోగం వచ్చింది. ఆరు వారాలైంది. నాన్న బతికి ఉంటే "మా ఇంట్లో ఇంకో తాళంచెవుల గుత్తి" అని నవ్వేవాడు. మీరు పనిచేసిన మెర్విన్ కౌంటీ జైల్లోనే, మీరు తిరిగిన రెండో అంతస్తులోనే వేశారు. పాత కాపలా డెప్యూటీలు నన్ను ఇంకా పేరుతో పిలవరు, "హోవ్లాండ్ సార్జంట్ గారి తమ్ముడి కూతురు" అంటారు. గర్వంగానే ఉంది.

ఒక ఇబ్బంది ఉంది. నా వైపు ఇరవై నాలుగు గదులు, గదికి ఇద్దరు. పగటి షిఫ్టులో మేం ఇద్దరం. రెండో మనిషిని రోజూ కోర్టుకి ఖైదీల్ని తీసుకెళ్ళే పనికి లాగేస్తారు, నేనొక్కదాన్నే మిగులుతాను. కెప్టెన్ స్ట్రిక్లర్ గారి ఆజ్ఞ ఏమిటంటే, మూడు పూటలా భోజనం ఇచ్చేటప్పుడు ప్రతి తలుపూ తెరవాలి, ఇద్దర్నీ పేరుపెట్టి పిలవాలి, జవాబు వచ్చేదాకా అక్కణ్ణించి కదలకూడదు, మొహం చూడాలి. చదివానని సంతకం కూడా పెట్టించుకున్నారు. ఒక పూటకి గంటన్నర పడుతోంది. చివరి గదికి వెళ్ళేసరికి అన్నీ చల్లారిపోతాయి. నిన్న ఒకడు, "మేడమ్, సూపు మంచులా గడ్డకట్టింది, దానిమీద జారే స్కేట్లు కూడా ఇస్తే దిగుతాం" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు.

మీ రోజుల్లో ఎలా చేసేవారు? కెప్టెన్ గార్ని అడిగితే, "మీ పెదనాన్న దగ్గరే నేను పని నేర్చుకున్నాను" అన్నారు.

అక్కడ తిండి ఎలా ఉంది?

మీ
మార్లా


వాంగెన్ వృద్ధాశ్రమం, గది 14
అక్టోబరు 9, 2011

మార్లా,

నీ ఉత్తరం చేరింది. నా జవాబు టైపులో ఉందేమిటని అనుకోకు. కింద కార్బను పెట్టి ఒక కాపీ ఉంచుకోకుండా ఏ కాగితాన్నీ గేటు దాటనివ్వను. ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు, ఇక్కడి పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

తిండి అడిగావు. చెప్పుకోదగ్గది లేదు. ఉడకబెట్టిన క్యారెట్టు, ఉడకబెట్టిన కోడి, ఉడకబెట్టిన దేవుడి వాక్యం. పాస్టరు ఆదివారం వచ్చి మా చావుకి మమ్మల్ని సిద్ధం చేసి, కాఫీ తాగి పోతాడు. నా గదిలో ఇంకో మనిషి ఉన్నాడు, ఈనక్ రూడ్ అని, పాడి రైతు. మతి సగం పోయింది, ఆకలి మాత్రం పోలేదు. నేను వదిలేసినది కూడా లాక్కుని తింటాడు. ఇక్కడి పుస్తకాల బీరువాలో రోమన్ల చరిత్ర ఆరు సంపుటాలుంటే నాలుగోది నడుస్తోంది. ఎవడు ఎవణ్ణి వెనకనుంచి పొడిచాడన్నదే ఆ ఆరింటిలోనూ ఉన్న విషయం. మెర్విన్ కౌంటీ తెలిసినవాడికి అందులో కొత్తేమీ ఉండదు.

స్ట్రిక్లర్ మాట. నా దగ్గర నేర్చుకున్నాడట. నేర్పినవాణ్ణి ఏం చేశాడో చెప్పలేదు కదా? పోనీ. వాడి ఆజ్ఞ కాగితం మీద అందంగానే ఉంటుంది. తలుపు తెరిచి పేరు పిలిచే పని వాడు ఒక్క వారం చేసి చూపమను.

1994లో హార్లన్ బెక్ అని నా స్నేహితుడు, నాకంటే మంచి డెప్యూటీ, పొద్దున ఫలహారం ఇవ్వడానికి తలుపు తెరిచాడు. లోపలివాడు పళ్ళు తోముకునే బ్రష్షుని నేలకి రాసి రాసి ములుకు చేసి ఉంచుకున్నాడు. హార్లన్ ఎడమ కన్ను పోయింది. ఓట్స్ గిన్నెలోకి రక్తం కారుతుంటే నేనే పట్టుకున్నాను. ఆ వారమే ఒక నియమం రాసి గోడకి అంటించాను. అది నీకూ చెబుతున్నాను.

తలుపు తెరవకు. ట్రే లోపలికి ఇచ్చే కంత ఉంటుంది కదా, అందులోంచే రెండు ట్రేలు లోపలికి తొయ్యి. ఇరవై నిమిషాల తర్వాత అందులోంచే వెనక్కి తీసుకో. రెండూ ఖాళీగా వస్తే రిజిస్టరులో "తిన్నారు" అని రాసి ముందుకి పో. ఖాళీగా రాకపోతేనే తలుపు దగ్గర ఆగు. మొహాలు చూసి నువ్వు ఏం తెలుసుకుంటావు? మొహాలు అబద్ధాలాడతాయి. జబ్బు లేనివాడు జబ్బు నటిస్తాడు, పొడవబోయేవాడు నవ్వుతాడు. ట్రే అబద్ధమాడదు. తిన్నవాడు బతికున్నాడు, బతికున్నవాడు నీ సమస్య కాదు.

నలభై నిమిషాల్లో అయిపోతుంది. నీ రెండు కళ్ళూ నీకు మిగులుతాయి.

పెదనాన్న
ఓరిన్


ఎల్డన్,
నవంబరు 6, 2011

ప్రియమైన పెదనాన్నా,

మీ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ముప్పై ఐదు నిమిషాలు. సూపు మీద పొగ కూడా ఉంటోంది. ఖైదీలు నన్ను తిట్టడం మానేశారు, ఒకడైతే పెళ్ళి కూడా చేసుకుంటానన్నాడు. "బయటికి ఎప్పుడొస్తావు?" అంటే "పదకొండేళ్ళు ఆగు" అన్నాడు. పాత డెప్యూటీల్లో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ ఇలాగే చేస్తున్నారని తెలిసింది. కెప్టెన్ గారు మా అంతస్తుకి వచ్చినప్పుడు మాత్రం తలుపులు తెరుస్తారు, ఆయన వెళ్ళగానే మళ్ళీ కంత. నేనూ అంతే.

పదకొండో గదిలో ట్రెవిస్ లుండీ అని ఒక కుర్రాడున్నాడు, ఇరవై ఆరేళ్ళు, ఇళ్ళకి కప్పులు వేస్తాడు. కప్పు మీదనుంచి పడి నడుం నొప్పికి మాత్రలు వాడి వాటికి అలవాటు పడ్డాడట. కోర్టు వాయిదాకి రాలేదని అక్టోబరు 26న తెచ్చారు. పేరు విన్నట్టుందా? మా బడి వంటగదిలో పామ్ అని ఉండేది, ఎర్ర జుట్టు, నాకు రెండో కుకీ దొంగతనంగా పెట్టేది. ఆవిడ కొడుకే. ఆవిడ ఇప్పటికీ అక్కడే చేస్తోంది.

వాడితోపాటు బోయిడ్ అని పర్వతంలాంటి మనిషి ఉన్నాడు. ట్రేలు తీసుకోవడం, ఇవ్వడం అన్నీ బోయిడే. "మా వాడు రాజుగారు మేడమ్, పక్క దిగడు, నేను బంట్రోతుని" అంటాడు. రెండు ట్రేలూ నాకినట్టు వస్తాయి. అందుకని రాసేస్తున్నాను.

ఒక్క సంగతి అడగాలి. మొన్న కంతలోంచి నీళ్ళ కప్పు ఇస్తే ట్రెవిస్ చెయ్యి చాపాడు. లోపలికి తెచ్చిన రోజున మణికట్టుకి ప్లాస్టిక్ పట్టీ బిగిస్తాం కదా, అది మోచేతి వైపు జారిపోయింది. ముందే వదులుగా బిగించారేమో. ట్రే చూస్తే తింటూనే ఉన్నాడు. మీరేమంటారు?

నా కూతురికి దగ్గు తగ్గింది. మీకు స్వెటరు పంపుతున్నాను, బూడిద రంగు, మరకలు కనపడవు.

మీ
మార్లా


వాంగెన్ వృద్ధాశ్రమం
నవంబరు 10, 2011

మార్లా,

స్వెటరు ఇంకా రాలేదు. వస్తే ఈనక్ తినకుండా చూసుకుంటాను.

పద్ధతి పనిచేస్తోందన్నావు. చేస్తుంది మరి. దాన్ని తీరిగ్గా బల్ల దగ్గర కూర్చుని రాయలేదు, ఒకడి కన్ను పోయాక రాశాను.

ఆ పట్టీ సంగతి వదిలెయ్. నువ్వు ఆ మాట రాయగానే నాకు నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు. 1998లో స్ట్రిక్లర్ అనే పిల్ల డెప్యూటీ సరిగ్గా ఈ కథే పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. నాలుగో గదిలో ఒక పిచ్చివాడి పట్టీ జారుతోందట, తలుపు తెరవాలట. ట్రేలు ఖాళీగా వస్తున్నాయా అని అడిగాను. వస్తున్నాయన్నాడు. అయితే రాసి పో అన్నాను. పోలేదు. నా మాట కాదని తలుపు తెరిచాడు, నన్ను దాటి జైలు పై అధికారి షెరీఫ్ దగ్గరికి వెళ్ళాడు. రెండు నెలల్లో నాకు "విశ్రాంతి" ఇచ్చారు, ఇంకో రెండేళ్ళ సర్వీసు ఉండగా. వీడ్కోలు గడియారం లేదు, కేకు లేదు. నా పెట్టె నేనే మోసుకుని కారులో పెట్టుకున్నాను. వాడికి నా కుర్చీ ఇచ్చారు.

చేతి పట్టీలు జారుతాయి. మనుషులు సన్నబడతారు, లావెక్కుతారు. నువ్వు డెప్యూటీవి, దర్జీవి కాదు. పదకొండో గదిలో నీ రాజుగారు బాగా తింటున్నాడు కదా. బాగా తినేవాళ్ళు ఎప్పుడూ గొడవ చెయ్యరు.

ఓరిన్ పెదనాన్న


ఎల్డన్,
నవంబరు 15, 2011

పెదనాన్నా,

ట్రెవిస్ లుండీ చనిపోయాడు. ఎనిమిదో తారీకున. నేను మీకు రాసిన ఉత్తరం అప్పటికి ఇంకా దారిలో ఉంది. "బాగా తినేవాళ్ళు గొడవ చెయ్యరు" అన్న మీ జవాబు వాణ్ణి పూడ్చిన మర్నాడు వచ్చింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆ పొద్దున ఏడింటికి రెండు ట్రేలు ఇచ్చాను, ఏడూ ఇరవైకి రెండు ఖాళీ ట్రేలు తీసుకున్నాను, "తిన్నారు" అని రాశాను. పదకొండింటికి ట్రెవిస్ వాయిదా ఉందని కోర్టునుంచి పిలుపొచ్చింది. అప్పుడు తలుపు తెరిచాను. గదిలో వాంతి వాసన. దుప్పటి కింద మనిషి ఉన్నట్టు ఎత్తు కూడా లేదు. పేరు పెట్టి పిలిచాను. మళ్ళీ పిలిచాను. బోయిడ్ గోడకి ఆనుకుని, "పడుకున్నాడనుకున్నా, మేడమ్. పడుకున్నాడనే అనుకున్నా" అంటూ ఏడుస్తున్నాడు.

మాత్రలు ఆగిపోయేసరికి మూడో రోజునుంచి వాడికి ఏదీ ఇమడలేదట. మంచినీళ్ళు కూడా కక్కేసేవాడట. "చెప్పకు, చెబితే మా అమ్మకి తెలుస్తుంది, రెండు రోజుల్లో తగ్గిపోతుంది" అని బోయిడ్‌ని బతిమాలాడట. వాడి ట్రే బోయిడ్ తిన్నాడు. కొంత వాడి మాట కోసం, కొంత ఆకలి కోసం. విచారణలో అదే చెప్పాడు: "ఇద్దరి తిండి తింటే గానీ నాకు ఆనదు సార్. వాడు ఎలాగూ వద్దన్నాడు." వాణ్ణి తెచ్చిన రోజునుంచి ముప్పై ఎనిమిది పూటలు, పెదనాన్నా. అన్నిటికీ ఎదురుగా "తిన్నారు" అని ఉంది. అందులో ఇరవై రెండు నా చేతిరాత.

ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని విచారణాధికారి అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. ఇంటికొచ్చి మీ అక్టోబరు ఉత్తరం పొయ్యిలో పడేశాను. మీ పేరు ఇందులోకి రాకూడదు. కెప్టెన్ నా బ్యాడ్జి తీసుకుని సొరుగులో పెట్టి, ఇంటికి పొమ్మన్నారు. "ఎవరితోనూ మాట్లాడకు" అన్నారు.

నిద్రపోవడం లేదు. మీరేమైనా రాయండి.

మార్లా


వాంగెన్ వృద్ధాశ్రమం
నవంబరు 20, 2011

మార్లా, తల్లీ,

ముందు ఒక ముద్ద తిని, తర్వాత ఇది చదువు.

ఆ కుర్రాడి తప్పు వాడిది, ఆ లావుపాటి వాడి తప్పు వాడిది. నువ్వు రాసింది నిజం. ట్రేలు ఖాళీగానే వచ్చాయి.

ఉత్తరం కాల్చి మంచిపని చేశావు. కానీ నీకు అర్థంకాని సంగతి ఒకటుంది, అది అర్థం చేసుకోవాలంటే ఆ బిల్డింగులో ఇరవై తొమ్మిదేళ్ళు గడపాలి. బ్యాడ్జి లాక్కుని ఎవరితోనూ మాట్లాడకు అన్నాడంటే, స్ట్రిక్లర్ నిన్ను బలిపీఠం ఎక్కించబోతున్నాడు. నన్ను ఎలా ఎక్కించాడో అలాగే. చచ్చిన ప్రతి ఖైదీకీ నింద మొయ్యడానికి బయట ఒక పేరు కావాలి, అది కెప్టెన్ పేరు కాకూడదు, కొత్తగా చేరిన ఆడపిల్ల పేరు కావాలి.

నేను ఊరుకోను. నిన్న ఎల్డన్ పత్రికకి ఒక ఉత్తరం రాశాను. ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసిన సార్జంట్‌ని కాబట్టి వేస్తారు. స్ట్రిక్లర్ కింద పదమూడేళ్ళుగా ఆ అంతస్తులో ట్రేలు లెక్కపెట్టడమే తనిఖీ అనీ, ఆ సంగతి అతనికి తెలుసనీ, కాగితం మీద ఒక ఆజ్ఞ రాసి పెట్టుకుని పిల్లలతో ఇంకోలా చేయిస్తున్నాడనీ రాశాను. నీ పేరు ఎక్కడా లేదు. నా వాక్యాలు ఇంకా బాగానే నడుస్తున్నాయి. చదివితే నువ్వే అంటావు.

పదమూడేళ్ళు ఆగాను, మార్లా.

ఓరిన్


ఎల్డన్,
డిసెంబరు 12, 2011

పెదనాన్నా,

మీ ఉత్తరం పత్రికలో మొదటి పేజీలో వేశారు. పక్కన మీరు యూనిఫారంలో ఉన్న పాత ఫొటో. కెప్టెన్‌ని సస్పెండ్ చేశారు. వచ్చే ఏడు షెరీఫ్‌కి ఎన్నికలున్నాయి, ఆయనకి ఒక పెద్ద తల కావలసి వచ్చింది, మీరు అందించారు. పాత డెప్యూటీలంతా, అవును, కెప్టెన్‌కి తెలుసు, ఆయనే చెయ్యమనేవారు అని సంతకాలు పెట్టారు. వాళ్ళ ఉద్యోగాలు నిలబడ్డాయి. నాదీ నిలబడేలా ఉంది. కిరాణా కొట్టులో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "పాపం, నీచేత చేయించాడట కదమ్మా" అంది. నేను అవుననలేదు, కాదనలేదు. గుడ్లు కొనుక్కుని వచ్చేశాను.

మూడు రోజులు ఆ గుడ్లు వండుకోలేకపోయాను. నాలుగో రోజు కెప్టెన్ ఇంటికి వెళ్ళాను.

వాకిట్లో మంచు తోస్తున్నారు. "ఎవరితోనూ మాట్లాడవద్దన్నానుగా," అన్నారు, "లాయరు లేకుండా ఎందుకు మాట్లాడతావు? నిన్ను జైల్లో పెట్టగలరు." ఆ రోజు ఆయన అన్న మాటకి అర్థం అదీ. నన్ను కాపాడటానికే ఇంటికి పంపారు. మనిద్దరం ఇంకోలా చదువుకున్నాం.

1998 సంగతి అడిగాను. చెప్పరు. ఆయన భార్య కాఫీ ఇస్తూ చెప్పింది. నాలుగో గదిలో మనిషి తిండిలో విషం ఉందని మొత్తం మరుగుదొడ్డిలో పోసి నీళ్ళు వదిలేవాడట. ట్రేలు ఖాళీగా వచ్చేవి. తలుపు తెరిచేసరికి తొంభై పౌన్లకి, నలభై కిలోలకి, దిగిపోయి ఉన్నాడట. ఇంకో రోజు ఆగితే పోయేవాడన్నారట డాక్టరు. ఇప్పుడు బతికే ఉన్నాడట, పక్క ఊళ్ళో, టైర్ల కొట్టులో. ఆ తర్వాతే మీ కాగితం గోడమీంచి తీసి, కెప్టెన్ గారు ఆ పేరు పిలిచే ఆజ్ఞ రాశారు. "మావారు మీ పెదనాన్నని ఒక్క మాట అనగా వినలేదు," అందావిడ, "హార్లన్ కన్ను గుర్తుపెట్టుకోండి అంటారు."

ఇదంతా మీకు తెలుసు. నేను పట్టీ జారిందని రాసినప్పుడు తెలుసు. పత్రికకి రాసినప్పుడూ తెలుసు.

నేను విచారణాధికారి దగ్గరికి వెళ్ళి, కెప్టెన్ చెప్పలేదు, ఆయన ఆజ్ఞ నేనే తప్పాను, నాకు ఇది ఉత్తరంలో వచ్చింది అన్నాను. ఉత్తరం ఏదన్నాడు. కాల్చానన్నాను. "కెప్టెన్‌గారు నిన్నెంత బాగా చూసుకుంటానన్నారు?" అన్నాడు.

కార్బను కాపీ లేకుండా కాగితం గేటు దాటనివ్వనన్నారు మీరు. అక్టోబరు 9. ఆ కాపీ నాకు కావాలి. దానితో నా ఉద్యోగం పోతుందని తెలుసు. కేసు కూడా పెడతారేమో. అయినా పంపండి.

మార్లా


వాంగెన్ వృద్ధాశ్రమం
డిసెంబరు 20, 2011

మార్లా,

నీ ఉత్తరంలో పైన "ప్రియమైన" లేదు, కింద "మీ" లేదు. గమనించాను.

ఆ కాపీ లేదు. పోయిన నెల ఇక్కడ గదులకి రంగులు వేసినప్పుడు నా పెట్టెలు రెండు ఎక్కడో పడేశారు.

ఒకవేళ ఉన్నా పంపేవాణ్ణి కాదు. నీకు ముప్పై రెండేళ్ళు, ఒక కూతురు. స్ట్రిక్లర్‌కి ఇల్లుంది, పింఛను వస్తుంది, మంచు తోసుకోవడానికి వాకిలుంది. వాడి కోసం నువ్వు నీ గొంతు కోసుకుంటానంటే కత్తి నేనందించాలా?

నన్ను అడుగుతున్నావు కాబట్టి చెబుతున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళలో నా అంతస్తులో ఒక్కడూ చావలేదు. ఆ కౌంటీలో ఆ మాట అనగలిగినవాడు ఇంకొకడు లేడు. నాలుగో గదివాడు కూడా చావలేదు. బతికాడని నువ్వే రాశావు. బతికినవాడి కోసం నన్ను పంపించేశారు. హార్లన్ కన్నుకి ఎవణ్ణి పంపించారు? నా నియమం వల్ల ఎంతమంది డెప్యూటీలు రెండు కళ్ళతో ఇంటికెళ్ళారో ఏ రిజిస్టరులోనూ రాయరు. జరగనిది ఎవరు రాస్తారు?

ఆ భార్య మాటలు నమ్మకు. మొగుణ్ణి గురించి మంచి చెప్పడమే భార్యల ఉద్యోగం. నాకు లేదు కాబట్టి నన్ను గురించి చెప్పేవాళ్ళు లేరు.

స్వెటరు చేరింది. సరిపోయింది.

ఓరిన్


ఎల్డన్,
ఫిబ్రవరి 8, 2012

పెదనాన్నా,

ఇది చివరి ఉత్తరం. మీమీద కోపంతో కాదు, చెప్పాల్సింది అయిపోయింది.

నిన్న కౌంటీ బోర్డు బహిరంగ విచారణ పెట్టింది. నేను లేచి మళ్ళీ చెప్పాను. వెనక బెంచీలోంచి ఎవరో "ఎంతిచ్చాడు?" అన్నారు. కూర్చున్నాను.

తర్వాత పామ్ లుండీ లేచింది. జుట్టు తెల్లబడింది. కాగితమేమీ తెచ్చుకోలేదు. రిజిస్టరు నకలు ఆవిడ చేతికిచ్చి, చూడండమ్మా, రికార్డు ప్రకారం మీ అబ్బాయి తిన్నాడనే ఉంది, సిబ్బందికి అనుమానం రావడానికి కారణం లేదు అన్నాడు కౌంటీ లాయరు. ఆవిడ ఆ పేజీలన్నీ తిప్పి చూసింది. అప్పుడు ఇలా అంది, నేను ఇంటికొచ్చి రాసిపెట్టుకున్నాను:

"పంతొమ్మిదేళ్ళుగా బడిలో ట్రేలు తీస్తున్నానండీ. రోజుకి మూడొందలు. ఖాళీ ట్రే వస్తే ట్రే ఖాళీ అయిందని తెలుస్తుంది, అంతే. పక్కవాడికి పెట్టేసినవాడుంటాడు, చెత్తడబ్బాలో దులిపినవాడుంటాడు, పెద్ద పిల్లలు లాక్కుంటే నోరు మూసుకున్నవాడుంటాడు. పిల్లాడు తిన్నాడో లేదో తెలియాలంటే పిల్లాణ్ణి చూడాలి. ఇది వంటగదిలో మొదటి రోజు చెబుతారు. మీకెవరూ చెప్పలేదా?"

ఆవిడ నావైపు తిరిగింది. గుర్తుపట్టింది. "నువ్వు కూడా సోమవారాలు నీ ట్రే ఎవరికో ఇచ్చేదానివి," అంది. "అందుకే నీకు రెండో కుకీ పెట్టేదాన్ని."

మార్చి 15న బోర్డు మళ్ళీ కూర్చుంటుంది. కెప్టెన్‌ని పింఛను లేకుండా తీసేస్తారు. నాకు బ్యాడ్జి తిరిగి ఇస్తామన్నారు. వద్దని రాసిచ్చాను.

మీ ఆరోగ్యం చూసుకోండి.

మార్లా


వాంగెన్ వృద్ధాశ్రమం
మార్చి 2, 2012

మార్లా,

చివరి ఉత్తరం అన్నావు. నువ్వు రాయక్కర్లేదు. ఇది చదువు చాలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆ బడి వంటావిడ మీద నాకు చాలా కోపం వచ్చింది. వంటగది వేరు, జైలు వేరు అని పది రోజులు దిద్ది దిద్ది రెండు పేజీల జవాబు టైపు చేశాను. మంచి జవాబు. ఈనక్‌కి చదివి వినిపించాను. అతను నా పుడ్డింగు వంక చూస్తూ విన్నాడు.

చూపు అటు వెళ్ళింది కాబట్టి పుడ్డింగు ఇచ్చేశాను. తర్వాత మిగతా ట్రే కూడా ఇచ్చేశాను. బ్రిన్ అని ఇక్కడ పనిచేసే అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయి, పన్నెండు గదులకి ఒక్కతే, వచ్చి రెండు ట్రేలూ తీసుకుంది. "ఓరిన్ గారూ, తళతళలాడిపోతోంది, మంచివారు," అంది. తలుపుకి వేలాడే చార్టులో రాసుకుని పోయింది.

ఆ వంటావిడ మాట తప్పని రుజువు చెయ్యాలని మొదలుపెట్టాను. అది నీకు తెలియాలి, నాకు వేరే గొప్ప ఉద్దేశం ఏమీ లేదు. ఒకటి రెండు పూటల్లో ఎవరో ఒకరు కనిపెడతారు, అప్పుడు రాద్దామనుకున్నాను. నాలుగు రోజులు చేశాను. నల్ల కాఫీ, నీళ్ళు. మిగతాదంతా ఈనక్. రెండో రోజు పాస్టరు వచ్చి నా మొహం ప్రశాంతంగా ఉందన్నాడు. మూడో రోజు నర్సు వచ్చి ఈనక్‌కి అజీర్తి మాత్ర ఇచ్చి వెళ్ళింది. నాలుగో రోజు నా గడియారం మణికట్టు మీద తిరగబడింది. దాన్ని చాలాసేపు చూశాను. నాలుగో గదివాడి పట్టీ నేను చూడలేదు, మార్లా. స్ట్రిక్లర్ చూడమన్నాడు. నా కుర్చీనుంచి ఆ తలుపుకి పద్దెనిమిది అడుగులు. నేను లేవలేదు.

ఐదో రోజు పొద్దున నిలబడబోతే గోడ పట్టుకోవలసి వచ్చింది. "నిన్న ఎక్కువ తిన్నారేమో," అని నవ్వింది బ్రిన్. మంచి పిల్ల. దాని తప్పేమీ లేదు. దానికి ఎవరో అలా నేర్పారు.

పెట్టెలు పోలేదు. మంచం కిందే ఉన్నాయి. అక్టోబరు 9 కాపీ, నవంబరు 10 కాపీ, నీ ఉత్తరాలన్నీ, వాటితో 1994లో గోడకి అంటించిన కాగితం నకలు, నా సంతకంతో, నిన్న రిజిస్టర్డ్ పోస్టులో బోర్డుకి పంపాను. ఒక కట్ట పత్రికకి. ఒకటి స్ట్రిక్లర్‌కి. దానితో ఏదైనా రాయాలని గంటసేపు కూర్చున్నాను. రాయలేకపోయాను, ఊరికే పంపాను. పంపాకే నీకు రాస్తున్నాను, నువ్వు మనసు మార్చుకుంటావని కాదు, నేను మార్చుకుంటానని. ఆ కాగితాలు నిన్ను కూడా విడిచిపెట్టవు. ఆజ్ఞ మీద నీ సంతకం ఉంది, దాన్ని తప్పమన్న మాట కింద నా సంతకం ఉంది. ఎవరికెంతో వాళ్ళు తేలుస్తారు. పదిహేనో తారీకున బస్సులో వస్తున్నాను. నాకు వినపడదు కాబట్టి ప్రశ్నలు రాసి ఇవ్వమని చెప్పు. జవాబులు గట్టిగానే చెబుతాను.

పామ్ లుండీకి వేరే కవరు పంపాను. అందులో ఉత్తరం లేదు. నా గది తలుపుకి వేలాడిన చార్టు చించి పెట్టాను. ఫిబ్రవరి 22 నుంచి 25 దాకా, పన్నెండు పూటలు. ప్రతి పూట ఎదురుగా బ్రిన్ గుండ్రటి అక్షరాలతో, తేదీ వేసి, ఒక్క గడి కూడా వదలకుండా రాసింది, నేను నీకు నేర్పినట్టే.

తిన్నారు.

ఓరిన్ హోవ్లాండ్